సింగం మొగం గుర్రాలు

అంకి పోయిన ఐదో దినం

ఈ రోజు పొద్దున ఒక మనిషిని చంపాను.

ఈ పుస్తకం నా పెద్దకూతురు అంకమ్మది. గుర్రప్పిల్లల కొలతలు రాసుకునేది. సగం కాగితాలు ఖాళీగా మిగిలిపోయాయి. నాకు అక్షరాలు నేర్పింది కూడా అదే, దాణా కొట్టం గోడ మీద బొగ్గుముక్కతో. నేను తప్పు రాస్తే పడీపడీ నవ్వేది. ఇప్పుడు నవ్వేవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను.

పంతొమ్మిదేళ్ళ పిల్ల. మా ఎర్రకోన దళంలో ముందు వరస. ఆ రోజు బయల్లో కవాతు. గండు మీద ఉంది. గండు అంటే దాని గుర్రం. చదును నేల. రాయి లేదు, గుంత లేదు. మంచి పరుగులో ఉండగా గండు ముందుకాలు పటుక్కుమని విరిగింది. ఆ చప్పుడు దాణా కొట్టం దాకా వినబడింది. గుర్రం తలకిందులై దాని మీదే పడింది. నేను పోయేసరికి నా బిడ్డ రొమ్ము లోపలికి కుంగిపోయి ఉంది. నోట్లో నెత్తురు బుడగలు. "మా" అనబోయింది. బుడగ పగిలింది. అంతే.

మా దళవాయి కదిరప్ప ఆ సాయంత్రానికే దోషిని పట్టుకొచ్చాడు. పక్క ఊరు సుద్దవాగు మనిషి, పేరు పుల్లన్న. మా నీళ్ళ తొట్టి దగ్గర తన ఆడగుర్రానికి నీళ్ళు తాపుతూ దొరికాడంట. సంచిలో తెల్లటి పొడి ఉందంట. దళవాయి ఆ సంచి పైకెత్తి అందరికీ చూపించాడు. "ఎముకల్ని తినే ఇసం ఇది! తొట్టిలో కలిపినాడు నాకొడుకు!" అన్నాడు. మా తాతల కాలంలో ఇనుప చీడ వచ్చి లోకంలో ఉన్న ఇనుమంతా తిని పొడి చేసి పోయింది. ఇనుమునే తినే చీడ ఉన్నప్పుడు ఎముకల్ని తినే పొడి ఎందుకుండదు? కోనంతా నమ్మింది. నేనూ నమ్మాను.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. బిడ్డను చంపినవాణ్ణి తల్లి చేతికి ఇస్తారు. మొదటి దెబ్బ తల్లిది. తల్లి కొట్టకపోతే ఇంకెవరూ కొట్టడానికి లేదు, కట్లు విప్పి వదిలేయాల్సిందే.

వాణ్ణి బయల్లో నిలువునా పాతిన రాతికూసానికి కట్టారు. నలభై ఏళ్ళుంటాయేమో. పెదవి చిట్లి ఉంది. నా వైపే చూశాడు.

"తల్లీ, నీ బిడ్డ పోయినందుకు నాకూ బాదగానే ఉండాది. అది ఇసం గాదు. నా గుర్రానికి పెట్టుకునే సుద్దపిండి. మీ గుర్రాల మొగాలు సూసుకోండి ఒగసారి. అది బలుపు గాదు తల్లీ, వాపు."

సింగం మొగాలని మురిసిపోయే మా గుర్రాల మొగాల మాట ఎత్తేసరికి గుంపు భగ్గుమంది. నా చిన్నకూతురు చెన్నమ్మ ముందుకొచ్చి గొంతు చించుకుంది. "కొట్టుమా! ఏం సూస్తాండావు? అక్కను సంపినోడు మాట్లాడతాంటే ఇంటాండావా?"

చింతదుంగతో కొట్టాను. చెవి మీద పడింది. తల కూసానికి తగిలి తిరిగొచ్చింది. రెండోసారీ నేనే కొట్టాను. ఆచారం ఒక్క దెబ్బే, అయినా కొట్టాను. తర్వాత గుంపు మీద పడింది. ఊపిరి పోయాక కూడా ఆపలేదు. చివరికి కాళ్ళకు తాడు కట్టి బయలు అవతలికి ఈడ్చుకుపోయారు.

గుండె చల్లబడుతుందన్నారు అమ్మలక్కలు. చీర కుచ్చెళ్ళు రెండుసార్లు ఉతికాను. గుండె అలాగే ఉంది.

ఎనిమిదో దినం

దుఃఖం ఉందని దాణా ఆగదు. దళం గుర్రాలు నలభై ఒకటి. పాలు మరిచిన గుర్రప్పిల్లలు పద్దెనిమిది. అన్నిటికీ దాణా కలిపేది నేనే, పదకొండేళ్ళుగా.

మాకు తవుడుకు కొదవ లేదు. నలభై దినాల్లో పండే వడ్లు వచ్చాక ఏడాదికి ఎనిమిది కోతలు. బియ్యం మాకు, తవుడు గుర్రాలకు. తవుడు నానబెట్టి, ఉడికిన ఉలవలు పిసికి, కాస్త బెల్లం వేసి ముద్దలు చేస్తాను. పిల్లకు పూటకు రెండు గంపలు. ముందటి కాలంలో మూడేళ్ళకు ఎదిగే పిల్ల మా చేతిలో ఏడాదిన్నరకే ఎదుగుతుంది. ఏడాది నిండిన రోజు దళవాయి వచ్చి కళ్ళ కింద జానతో మొగం కొలుస్తాడు. జాన దాటి బెత్తెడు ఉంటే సింగం మొగం. బొట్టు పెట్టి, దండ వేసి, ముందు వరసకు తోలతారు. సన్నమొగం అయితే మోతకు. సన్నమొగం పిల్ల వస్తే దాణా కలిపినదానికి తలవంపులు. నా చేతి నుంచి ఐదేళ్ళుగా సన్నమొగం రాలేదు.

గండుకు ఇంకో రెండు గంపలు ఎక్కువే పెట్టేదాన్ని. నా బిడ్డ ఎక్కే గుర్రం కదా.

ఈ రోజు కవాతులో ఇంకో గుర్రం కూలింది. మా దళం కుర్రాడు ఓబులేసుది. తుంటి దగ్గర విరిగి కాలు పక్కకు వేలాడింది. అది మూడు కాళ్ళ మీద గిరగిరా తిరుగుతూ అరిచింది. గుర్రం అలా అరుస్తుందని ఇన్నేళ్ళలో నాకు తెలియదు. ఓబులేసు దాని మెడ పట్టుకుని ఏడుస్తుంటే మౌలాలి మామ వచ్చి ఇత్తడి కత్తితో గొంతు కోశాడు. చచ్చిన గుర్రాల తోలు ఒలిచేది మా కోనలో ఆయనే.

మధ్యాహ్నం నన్ను పిలిచాడు. "అమ్మీ, ఇట్ల రా. ఇది ఏందో సెప్పు."

"తొడ ఎముక. ఏం మామా?"

"కత్తి పెట్టి కోసి సూడు."

"ఎముకనా? కత్తికి పదును పోతాది."

"నువ్వు కొయ్యి మే."

కోశాను. ఉడికిన గెణుసుగడ్డలోకి దిగినట్టు దిగిపోయింది. లోపల నురగలాగా చిల్లులు చిల్లులు. వేలితో నొక్కితే గుంట పడింది.

"గండుదీ ఇంతే," అన్నాడు మామ. "మొన్న నీకు సూపీలేకపోతి. మా తాత జట్కా తోలేటోడు. గుర్రం ఎముకంటే కొడవలికి పిడి ఏసుకుంటాండ్రి. ఇది పిడికి పనికొస్తాదా?"

"ఇసం తిన్నాది గదా మామా."

"ఒక్క రోజు ఇసానికి ఎముక ఇట్లయితాదా? ఇది పుట్టినకాడినుంచి అయినట్టుండాది."

"దళవాయికి సెప్పినావా?"

ఆయన కత్తి గడ్డికి తుడుచుకుంటూ నవ్వాడు. "నాకుండేది ఒగటే తలకాయ."

పదో దినం

పుల్లన్న ఆడగుర్రాన్ని చావిడి వెనక కట్టేశారు. పొట్టిది, బూడిద రంగు, మొగం సన్నగా గొడ్డలి అంచులా ఉంటుంది. అందరూ దాని మీద ఉమ్మేసి పోతున్నారు. మూడు రోజులుగా మేత లేదు.

ఈ రోజు చెన్ని, ఇంకో నలుగురు దళం పిల్లలు టేకుకర్రలు పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళారు. "అక్క గుర్రం కాలు ఎట్ల ఇరిగిందో దీనిదీ అట్లే ఇరగాల" అంది చెన్ని. నేను చూస్తూ నిలబడ్డాను. ఆపలేదు. నిజం రాయాలి కదా, ఆపాలని కూడా అనిపించలేదు.

ముందు మోకాలి కింద కొట్టింది చెన్ని, రెండు చేతులా ఎత్తి. తోలు చీలింది, నెత్తురు కారింది. కాలు నిలిచింది. మళ్ళీ కొట్టింది. ఐదో దెబ్బకు టేకుకర్ర నడిమికి విరిగింది. గుర్రం తిరిగి ఒక తాపు తన్నింది. కర్ర పట్టుకున్న ఇంకో పిల్ల దవడ పక్కకు పోయింది, మూడు పళ్ళు మట్టిలో పడ్డాయి. అందరూ ఆ పిల్లను మోసుకుని పరిగెత్తారు. చెన్ని మాత్రం చేతిలోని సగం కర్రను చూస్తూ కాసేపు అక్కడే ఉండిపోయింది.

వాళ్ళు పోయాక గుర్రం కుంటుకుంటూ తాడు అందినంత దూరం వచ్చి మెడ సాచింది. గోడకు ఆ తెల్లపొడి సంచి వేలాడదీసి ఉంది, అందరూ చూడాలని దళవాయి కట్టించాడు. అది మూతితో సంచి చించి, ఆ పొడి నాకడం మొదలుపెట్టింది. ఆకలిగొన్న పిల్ల అన్నం తిన్నట్టు తినింది.

చస్తుందని ఎదురుచూశాను. పొద్దు వాలేదాకా కూర్చున్నాను. అది తోక ఆడించుకుంటూ నిలబడి ఉంది.

లేచి వెళ్ళి వేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాను. సుద్ద. ఒట్టి సుద్దరాయి పిండి. కడుపుతో ఉన్నప్పుడు నేను గోడ గీకి దొంగతనంగా తిన్న రుచి.



పన్నెండో దినం

దళవాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన గాజుమొనల బల్లేలు లెక్క చూసుకుంటున్నాడు. ఇరవయ్యో దినాన సుద్దవాగు మీదికి దళం దిగాలని నిర్ణయం అయిపోయింది. చెన్ని ముందు వరసలో, అక్క చోటులో.

ఎముక ముక్క ఆయన ముందు పెట్టి, వేలితో నొక్కి చూపించాను. "సామీ, అది ఇసం గాదు. ఆ గుర్రం తిన్నాది, నేను తింటి. మన గుర్రాలకు ఎముకలే ల్యావు. సుద్ద ల్యాకుండా ఒట్టి తవుడు తిని తిని ఎముక నురగైపోయింటాది. మొగం వాస్తాది. మనం దాన్ని బలుపనుకుంటాండాం."

ఆయన చాలాసేపు ఎముకను చూశాడు. ఆయన చదువుకున్నవాడు. ఆయన కళ్ళలో నాకు తెలిసిపోయింది, అర్థమైంది అని.

"అంటే పుల్లన్న ఏ తప్పూ చెయ్యలేదంటావు."

"చెయ్యలేదు సామీ."

"మరి వాణ్ణి సంపింది ఎవురు?"

ఎముక ముక్క జారిపోకుండా ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాను.

"నువ్వు. నువ్వు దుంగ కింద పడేసింటే వాడు బతికిపోతాండె. నీ బిడ్డకు రోజూ ఇసం లాంటి దాణా కలిపింది ఎవురు? అదీ నువ్వే. పో, బయల్లో నిలబడి సెప్పు. చెన్నికి ముందు సెప్పు." గొంతు పెంచలేదు. "సుద్దవాగు వంక నీళ్ళు మనకు కావాల సుంకులమ్మా. రెండేండ్లాయె సూస్తాండా. ఇప్పుడు దళం పగతో కాగుతాండాది. ఈ కాక మళ్ళీ రాదు."

"గుర్రాలు ఇరిగిపోతాయి సామీ. పిల్లలు సస్తారు."

"కొందురు సస్తారు. ఎప్పుడు సావలేదు?"

నా ఎడమచెయ్యి ఇంకా ఎముక ముక్క మీదే ఉంది. ఆయన పక్కనున్న నూరుడుబండ ఎత్తి దాని మీద పడేశాడు. రెండు వేళ్ళు నలిగాయి. "ఇది గుర్తుండనీ" అన్నాడు. ఎముక ముక్క పిండిపిండి అయింది. నా వేళ్ళు మాత్రం లోపల విరిగినా ముక్కలు కాలేదు.

పద్నాలుగో దినం

చెన్నికి చెప్పాను. "మబ్బును ఎక్కొద్దమ్మా" అన్నాను. మబ్బు దాని గుర్రం. దళంలో అన్నిటికన్నా వెడల్పు మొగం అదే.

వేళ్ళకు కట్టిన గుడ్డ చూసింది కానీ ఏమైందని అడగలేదు. "అక్కను సంపినోళ్ళను ఎనకేసుకొస్తాండావా? సుద్ద నాకి నాకి నీ బుద్ది సున్నమయిందా?" అని నా మొగం మీద ఉమ్మేసి పోయింది.

కుడిచేత్తో ఈ పుస్తకం తిరగేశాను. ఇన్నాళ్ళూ అంకి రాసిన వైపు చూడలేకపోయాను. గండు పేరు కింద నెలనెలా కొలతలు. ఆరో నెల, మొగం జాన. పదో నెల, జాన మీద మూడు వేళ్ళు. పక్కన చిన్న అక్షరాలతో రాసింది: "మోకీళ్ళు వేడిగా ఉన్నాయి. పొద్దున లేచేటప్పుడు కుంటుతాంది. మేత నమల్లేక కింద పడేస్తాంది." ఇంకో కాగితంలో: "మోతకు పోయే సన్నమొగాలు ఊరవతల మునగాకు మేసి, సుద్దగోడలు నాకి బతుకుతాయి. వాటికి కాళ్ళు ఇరగడం నేను సూడలేదు. తవుడు తగ్గించమని అమ్మకు చెప్పాల. ప్రేమగా పెడతాంది. బాదపడతాదేమో. కవాతు అయినంక చెప్తా."

కవాతు అయినంక.

ఆ కాగితం మీద ఇంకేమీ రాయలేను.

పదిహేడో దినం

గోడల సుద్ద గీకి పిల్లల దాణాలో కలుపుతున్నాను. తవుడు సగానికి తగ్గించాను. చావిడి వెనక బూడిద గుర్రానికీ రాత్రిళ్ళు ఇంత మేత వేస్తున్నాను. చిన్నపిల్లలకు పనికొస్తుందేమో. పెద్ద గుర్రాలకు మూడు రోజుల్లో ఎముక వస్తుందా? మౌలాలి మామను అడిగాను. "గోడ కడితేనే నెల పడతాది అమ్మీ. ఇది ఒళ్ళు" అన్నాడు.

దళం గుర్రాలను తోలేద్దామని చావిడిలో తాళ్ళు కోయబోతే కావలివాళ్ళు పట్టుకుని కొట్టారు. నోట్లో మట్టి కుక్కారు. బిడ్డ పోయి పిచ్చెక్కిందని కోనంతా అనుకుంటోంది. అనుకోనీ.

ఇరవయ్యో దినం

రాసి తీరాలి.

దళం బయల్లో వరస కట్టింది. నలభై గుర్రాలు, అన్నిటికీ బొట్లు, దండలు. ముందు దళవాయి, ఆయన పక్కన చెన్ని మబ్బు మీద. డప్పులు మోగుతున్నాయి. నేను జనంలోంచి నడిచి వెళ్ళి మబ్బు ముందు నిలబడ్డాను. దీవించడానికి వచ్చానని దారి ఇచ్చారు.

చేతిలో దాణా కలిపే తెడ్డు ఉంది. మామిడి చెక్క తెడ్డు. వంగి మబ్బు ముందుకాలి మీద ఒకే దెబ్బ వేశాను. రోజూ నా చేతి ముద్ద తినే గుర్రం, నన్ను చూసి చెవులు నిక్కించింది. కొట్టాను. కాలు పటుక్కుమంది. అదే చప్పుడు. మబ్బు మోకాళ్ళ మీదికి కూలింది, చెన్ని ఎగిరి మట్టిలో పడింది.

డప్పులు ఆగాయి.

"సూడండి!" అని అరిచాను. "తెడ్డుకు ఇరిగింది! తెడ్డుకు! నేను ఇన్నేండ్లూ మీకు వాపును మేపినా! పుల్లన్న నిజం సెప్పినాడు, నేను సంపితి, తప్పు ల్యానోణ్ణి సంపితి! దిగండి నాయినా, మీ అమ్మలకు బిడ్డలుగా మిగలండి!"

నలుగురైదుగురు దిగారు కూడా. కానీ చెన్ని లేచి వచ్చి పిడికిలితో నా మొగం మీద గుద్దింది. కింద పడ్డాను. కడుపులో తన్నింది. "నా గుర్రాన్ని సంపుతావా? అక్క పోయింది సాలక నన్ను గూడా నామర్దా చేస్తావా?" దళవాయి బల్లెం ఎత్తి, "ఇసం తల్లి బుర్రలోకి గూడా ఎక్కినాది! దిగినోడు ఆడంగి!" అన్నాడు. దిగినవాళ్ళు తలవంచుకుని మళ్ళీ ఎక్కారు. డప్పులు మోగాయి.

చెన్నికి గుర్రం లేదు. చుట్టూ చూసింది. చావిడి వెనక్కి పరిగెత్తింది. తన టేకుకర్రను విరిచిన ఆ బూడిద గుర్రాన్ని విప్పుకుని, జీను కూడా లేకుండా ఎక్కి, దళం వెనకాల దుమ్ములో కలిసిపోయింది.

మౌలాలి మామా నేనూ వెనకాల నడిచాం. నేను తన్ను తగిలిన కడుపు పట్టుకుని, ఆయన కత్తుల మూట పట్టుకుని.

సుద్దవాగుకు దిగే ఏటవాలు నాపరాళ్ళు. దళం అరుస్తూ పరుగున దిగింది. అవతల గట్టు మీద సుద్దవాగువాళ్ళు వడిసెలలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళు రాయి విసరకముందే మొదలైంది. పటుక్కు. పటుక్కు. ఎండిన కానుగకాయలు కాళ్ళ కింద పేలినట్టు. దళవాయి గుర్రం రెండు ముందుకాళ్ళూ ఒకేసారి పోయాయి. ఆయన ఎగిరి బండ మీద తల పెట్టి పడ్డాడు, మెడ వెనక్కి తిరిగిపోయింది. ఆయన మీద ఇంకో గుర్రం, దాని మీద ఇంకొకటి. వెనకవాళ్ళు ఆగలేకపోయారు. విరిగిన ఎముకలు తోలు చీల్చుకుని బయటికి వచ్చాయి. ఓబులేసుకు మొన్న వేరే గుర్రం ఇచ్చారు, ఆ గుర్రం కిందే నడుము నలిగి, "అమ్మా అమ్మా" అని పాకుతూ, తన పేగుల మీదే జారాడు. గట్టు మీద ఒకడు భయంతో వడిసెల రాయి వదిలాడు. తర్వాత అందరూ వదిలారు. దగ్గర్లో పడినవాళ్ళ తలలు పగులుతుంటే ఆ చప్పుడు వేరుగా వినబడింది.

చెన్ని కోసం వెతికాను. బూడిద గుర్రం ఆ శవాల మధ్య మేకలా గెంతుతోంది. ఒక చోట జారి మోకాళ్ళ మీద పడి, మళ్ళీ లేచింది. చెన్ని ఒకడి జుట్టు పట్టి గుర్రం మీదికి లాక్కుంది. పైకి తెచ్చి దింపింది. మళ్ళీ దిగింది. ఇంకొకణ్ణి తెచ్చింది. మూడోసారి దిగినప్పుడు చెన్ని భుజానికి రాయి తగిలి చెయ్యి వేలాడింది. అయినా ఇంకొకత్తెను తెచ్చింది.

నిలబడి తిరిగొచ్చిన సింగం మొగాలు తొమ్మిది. మనుషులు పదహారు. మిగిలిన గుర్రాలకు మామా నేనూ పొద్దుగుంకేదాకా గొంతులు కోస్తూనే ఉన్నాం. ప్రతిదానికీ నా చెయ్యి వాసన తెలుసు. కోయడానికి వంగితే ముద్ద కోసం మూతి చాచేవి.

ఇరవై మూడో దినం

సుద్దవాగువాళ్ళు వచ్చారు. పదిమంది, ముందు ఒక ముసలావిడ. పుల్లన్న తల్లి. పేరు లచ్చుమమ్మ. బయల్లో నిలబడి అడిగింది: "నా కొడుకును మొదట కొట్టింది ఎవురు?"

మా వాళ్ళెవరూ తలెత్తలేదు. చెన్ని చేతికి కట్టు కట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూడలేదు.

"నేనే" అన్నాను.

"మీ కోన ఆచారం ఇంటిమి. తల్లికి ఒక్క దెబ్బంట గదా."

"అవునమ్మా. కొట్టు." ఆమె ముందు కూర్చుని తల వంచాను.

"ఒక్క దెబ్బకు తీరుతాదా నాది?" అంది. "నీకు తీరిందా?"

"తీరలేదు."

"మరి? ఒక్కసారి సంపి నిన్ను సుకపెట్టాల్నా?" నా జుట్టు పట్టి తల పైకెత్తింది. "నా కొడుకు మా ఊరి గుర్రాలకంతా సుద్ద దంచేటోడు. రోలు ఖాళీగా ఉండాది. లేసి రా."

నేను లేచాను. "వస్తానమ్మా. ఒక్కటి అడుగుతా. మాకు పాలు మరిసిన పిల్లలు పద్దెనిమిది ఉండాయి. నేను దంచేదాంట్లో వాటికింత ఇయ్యి."

"సిగ్గులేదు గదే నీకు" అంది. వెనుదిరిగి నాలుగడుగులు వేసి, "గుర్రప్పిల్లలు ఏం జేసినాయి" అంది.

పోయేముందు పిల్లల కొట్టం తలుపు మీద బొగ్గుతో రాశాను. చెన్ని చదువుతుందో లేదో. "తవుడు గంప కాదు, దోసెడే. మునగాకు రోజూ కట్ట. సుద్దపిండి పిడికెడు, తడి దాణాలో కలపాల. బయటికి వదలండి, కట్టెయ్యొద్దు. మూడేండ్లు నిండేదాకా ఈపు మీద ఎవురూ ఎక్కొద్దు. కాళ్ళు తడిమి సూడండి. వేడిగా ఉంటే నాకు కబురు చెయ్యండి."

నూట అరవై ఒకటో దినం

చాలా రోజులకు రాస్తున్నాను. ఇక్కడ బొగ్గు దొరకడం కష్టం, అంతా తెలుపే.

రోలు నా నడుమంత ఎత్తు. రోజుకు నాలుగు బుట్టల సుద్దరాయి. ఎడమచేతి వేళ్ళు రెండూ వంకరగానే అతుక్కున్నాయి, రోకలి పట్టుకోడానికి అడ్డం రావు. దగ్గితే తెల్లగా వస్తుంది. లచ్చుమమ్మ పొద్దున్నే వచ్చి రోలుకు పది అడుగుల దూరంలో నిలబడి ఒక రాయి విసురుతుంది. "పుల్లన్నా" అని పేరు పిలిచి విసురుతుంది. ఒక్కటే. కొన్ని రోజులు తగలదు. కొన్ని రోజులు కణత పగులుతుంది. మొన్న పై పన్ను పోయింది. ఆ రాయి తీసి రోట్లో వేసి దంచుతాను. అదీ సుద్దరాయే. ఆమె అక్కడే కూర్చుని, "మెత్తగా దంచు, పిల్లల పండ్లకు తగులుతాది" అంటుంది. తిట్టినట్టే అంటుంది.

పది దినాలకోసారి చెన్ని వస్తుంది, బూడిద గుర్రం మీద. సుద్దపిండి మూట తీసుకుని పోతుంది. పోయిన పదమూడు సార్లూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను మూట మూతి కట్టి రోలు పక్కన పెట్టి అటు తిరుగుతాను. గిట్టల చప్పుడు దూరమయ్యాక ఇటు తిరుగుతాను. దాని భుజం సరిగా అతుక్కోలేదు, మూట ఎడమచేత్తోనే పట్టుకుపోతుంది. అది వెనక నుంచి చూశాను.

ఈ రోజు వచ్చింది. మూట ఎత్తింది. గిట్టల చప్పుడు మొదలవలేదు. నేను తిరగలేదు.

"నిన్న మన ఎర్ర గుర్రప్పిల్ల వంకలో బండ మీద నుంచి జారి పడిందిమా" అంది. "ఆ ఎత్తు నుంచి. కాలు కింద ఏసుకునే పడె."

రోకలి నా చేతిలో ఆగిపోయింది. ఆ చప్పుడు నా చెవుల్లో ముందే మోగింది.

"లేసింది" అంది చెన్ని.

తిరిగి చూసేసరికి గుర్రం ఎక్కేసింది. అవతల లచ్చుమమ్మ గట్టు మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. నీళ్ళు నిండి నాకు కళ్ళు కనిపించడం లేదు. మిగిలిన బుట్ట రోట్లో గుమ్మరించుకుని దంచడం మొదలుపెట్టాను.